రెండు గోల్స్ తేడా

నర్సీపట్నంలో దేవుళ్లు టైలరంటే అతని దగ్గర బట్టలు కుట్టించుకోని వాళ్లకి కూడా తెలుసు. కాలేజీ గ్రౌండుకి పోయే రోడ్డు మలుపులో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడవారగా ఒక పొడుగు బెంచీ. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లలో కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల కంటే ఫుట్‌బాల్ మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువ.

"రవికలు ఎప్పుడిస్తావంటే మాటాడడు గానీ, ఫ్రెండ్సు టీము ఫైనలుకెలుతాదా అంటే పూటంతా సెప్తాడు" అని వీధిలో ఆడవాళ్లు ఆడిపోసుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఫ్రెండ్స్ టీము అంటే ఊరి ఫుట్‌బాల్ జట్టు. పసుపు చొక్కా, ఆకుపచ్చ కాలరు. ఆ చొక్కాలు కుట్టేది దేవుళ్లే. ఆడటం మాత్రం అతనికి ఏనాడూ రాలేదు. చిన్నప్పుడు గ్రౌండులోకి దిగితే బంతి ఒక పక్కకి పోయేది, తనొక పక్కకి పోయేవాడు. తోటివాళ్లు నవ్వి నవ్వి చివరికి గట్టు మీద కూర్చోబెట్టారు. గట్టు మీద కూర్చున్నవాడికి ఆట మొత్తం కనిపిస్తుంది. ఎవడు అలిసిపోయాడో, ఎవడు ఎడమ కాలితో తన్నలేడో అక్కడినుంచే పట్టేసేవాడు. పెద్దయ్యాక అదే అతని ఆట అయింది. టోర్నమెంటు మొదలైతే కటింగ్ బల్ల మీద నల్ల ప్యాంటు గుడ్డ పరిచి, మార్కింగ్ సుద్దతో జట్ల పేర్లు రాసేవాడు. వీళ్లు గెలిస్తే ఇటు, ఓడితే అటు అని గీతలు గీసేవాడు. ఆ గీతలు ఫైనల్ దాకా వెళ్లి ఒకచోట కలిసేవి. బెంచీ మీద వాళ్లు మెడలు సాచి చూసేవారు. ఆ కాసేపు దేవుళ్లు కొలతల టేపు మెడలో వేసుకున్న టైలరులా ఉండేవాడు కాదు.

అతని భార్య వెంకటదుర్గది నాతవరం దగ్గర పల్లె. ఆమె తమ్ముడు నాగేంద్ర చదువుకోసం నర్సీపట్నం వచ్చి, కాలేజీ అయ్యేదాకా అక్క ఇంట్లోనే ఉన్నాడు. వాడిని మొదటిసారి గ్రౌండుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది దేవుళ్లే. వాడి కాళ్ల కింద బంతి ఉండే తీరు చూసి, ఇంటికొచ్చి దుర్గతో, "మీ తమ్ముడు మామూలోడు కాదే" అన్నాడు. విశాఖపట్నం వెళ్లినప్పుడు వాడికి బూట్లు కొనుక్కొచ్చాడు. వాడు బంతి తన్నడం గట్టు మీద నుంచి చూస్తుంటే, తను ఆడలేకపోయిన ఆటంతా ఆ కాళ్లు ఆడుతున్నట్టు అనిపించేది.

తండ్రి పోయాక నాగేంద్ర ఊరికి వెళ్లిపోయాడు. తాండవ రిజర్వాయరు నీళ్ల కింద వాళ్లకి కాస్త వరి పొలం ఉంది. తల్లి సింహాద్రమ్మ ఒక్కర్తే చూసుకోలేకపోయింది. పొలం పనులు చేసుకుంటూనే చుట్టుపక్కల రైతుల కొడుకులను పోగేసి నాతవరం జట్టు కట్టాడు. వారానికోసారి నర్సీపట్నం వచ్చి, కొట్టులో బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "బావా, మా టీము గీత కూడా గియ్యి, ఎందాకా ఎలుతామో సూస్తాను" అనేవాడు. బావని నువ్వు అనే అనేవాడు. ఇంట్లో పెరిగిన చనువు అది.

తొంభై ఆరు డిసెంబరులో, వరికోతలు అయ్యాక, కాలేజీ గ్రౌండులో పెద్ద టోర్నమెంటు పెట్టారు. ఆరు జట్లు, రెండు గ్రూపులు. ఒక్కో గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీస్‌కి. ఒక గ్రూపులో నర్సీపట్నం ఫ్రెండ్స్, నాతవరం, చోడవరం పడ్డాయి. సెమీస్ నాటికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన వస్తాడని, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి కుర్రాళ్లను ఏరుతాడని అందరూ చెప్పుకున్నారు. ఆ కబురు నాగేంద్రకి చేరవేసింది కూడా దేవుళ్లే.

"ఈ ఏడే బావా" అన్నాడు నాగేంద్ర. "వొచ్చే ఏటికి నా వొయసు దాటిపోతాది. సెమీసు దాకా ఎలితే సాలు. ఆయన ముందు ఒక్క మేచీ ఆడితే సాలు. ఆపైన ఆయనిష్టం."

"ఎందుకెల్లవురా? నువ్వున్నాక నాతవరానికేటి లోటు" అన్నాడు దేవుళ్లు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మొదటి మ్యాచ్‌లో ఫ్రెండ్స్ నాతవరాన్ని రెండు గోల్స్‌తో ఓడించింది. బావ ఊరు గెలిచిందని నాగేంద్ర నవ్వుతూనే వెళ్లాడు. రెండో మ్యాచ్‌లో నాతవరం చోడవరాన్ని ఒక్క గోల్‌తో ఓడించింది. ఆ గోల్ నాగేంద్రదే. మిగిలింది ఫ్రెండ్స్‌కీ చోడవరానికీ మధ్య ఆట. ఫ్రెండ్స్ గెలిచినా, డ్రా చేసినా, ఆఖరికి ఒక్క గోల్‌తో ఓడినా సెమీస్‌కి వెళ్లడం ఖాయం. నాతవరం చెయ్యాల్సింది అయిపోయింది. ఫ్రెండ్స్ మామూలుగా ఆడితే చాలు, వాళ్లూ దాదాపు సెమీస్‌లో ఉన్నట్టే.

తిరకాసు అవతలి గ్రూపులో వచ్చింది. విశాఖ హార్బరులో పనిచేసేవాళ్ల జట్టు ఒకటి ఆ టోర్నమెంటుకి వచ్చింది. అందరూ ఏనుగుల్లాంటి మనుషులు. కప్పు వాళ్లదేనని ముందే అనుకున్నారు. కానీ మొదటి మ్యాచ్‌కి బస్సు అందక, సగం మందితో ఆడి ఓడిపోయారు. దాంతో వాళ్ల గ్రూపులో తుని కాలేజీ కుర్రాళ్లు మొదట, హార్బరు వాళ్లు రెండో స్థానంలో నిలిచారు.

ఆ సాయంత్రం దేవుళ్లు సుద్దముక్క తీశాడు. బెంచీ నిండిపోయింది. లారీ ఆఫీసులో పనిచేసే సోమేశ్ బల్ల మీదికి వంగి నిలబడ్డాడు. గీతల గురించి దేవుళ్లుతో సరిసమానంగా వాదించేది అతనొక్కడే.

"మనం సోడవరాన్ని గెలిస్తే గ్రూపులో ఫస్టు" అన్నాడు దేవుళ్లు. "ఫస్టొచ్చినోడికి సెమీసులో ఎవులు తగుల్తారు? అవతలి గ్రూపులో సెకండొచ్చినోడు. అంటే హార్బరోళ్లు."

"సచ్చేం" అన్నాడు సోమేశ్.

"అదే మనం సెకండొచ్చేవనుకో. తుని పిల్లలు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు ఆళ్లకి. నిద్దట్లో నడుసుకుంటూ ఫైనలుకెలిపోవచ్చు."

"అయితే సోడవరం మీద ఓడిపోమంటావేటి?"

"ఉత్తినే ఓడితే కుదర్దు. మనం ఓడితే మూడు టీములకీ తలా ఒక గెలుపు, తలా ఒక ఓటమి. అప్పుడు ఎవులు ఎన్ని గోల్సు కొట్టేరు, ఎన్ని తిన్నారని సూస్తారు. ఒక్క గోలుతో ఓడితే మళ్లీ మనవే ఫస్టు. రెండు గోల్సు తేడాతో ఓడాల. అప్పుడు సోడవరం ఫస్టు, మనం సెకండు."

సోమేశ్ వేలితో మూడో పేరు మీద కొట్టాడు. "మరి నాతవరం?"

దేవుళ్లు గీతల వైపు చూశాడు. ఆ పేరు మీదనుంచి ముందుకి పోయే గీత ఏదీ లేదు. "ఆళ్లు ఇంటికెలిపోతారు" అన్నాడు.

బెంచీ మీద ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "అబ్బ, ఏం లెక్కరా బాబూ" అన్నారు. దేవుళ్లుకి ఒంట్లో వేడి పుట్టింది. అంత చక్కగా కుదిరిన లెక్క అతనికి ఎప్పుడూ తగల్లేదు.

కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక కర్టెన్. వెనక దుర్గ అన్నీ విన్నది. కంచం పెట్టినప్పుడు అడిగింది. "నాతవరం ఇంటికెలిపోతే మా తమ్ముడు ఆ పెద్దాయన ముందు ఎప్పుడాడతాడండీ?"

"ఓసి పిచ్చిదానా, అది సరదాకి గీసిన గీత. నానేటి కెప్టెన్నా? నా మాటెవులింటారు?"

"ఇనరు కదా?"

"ఇనరు."

దుర్గ మజ్జిగ పోసి లోపలికి వెళ్లిపోయింది.

కానీ మాట బెంచీ దాటింది. మర్నాడు పొద్దున్న టిఫిన్ కొట్ల దగ్గర అదే మాట, ఆటో స్టాండులో అదే మాట. రెండు గోల్సు, రెండు గోల్సు. ఆట ఎప్పుడూ చూడనివాళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పది దాటాక కొట్టుకి రమణబాబు వచ్చాడు. అతను ఫ్రెండ్స్ కెప్టెన్, గోల్ కీపర్. బెల్లం కొట్లో గుమస్తా. నెమ్మదస్తుడు.

బెంచీ మీద కూర్చోలేదు. మిషను పక్కన నిలబడి, "అన్నా, ఊరంతా ఒకటే మాట. నువ్వన్నావంట" అన్నాడు.

"నానేటీ అన్లేదు. లెక్క అలాగుంది, అంతే."

"మా ఓళ్లల్లో సగం మంది అదే మంచిదంతన్నారు. సగం మంది తప్పంతన్నారు. నాకేటీ తోస్తా లేదు. ఇన్నేళ్ల బట్టి సూస్తన్నావు, నీకు తెలిసినట్టు ఇంకొకడికి తెలీదు. నువ్వెలా సెప్తే అలాగ సేస్తాను."

దేవుళ్లు మిషను ఆపాడు. తర్వాత ఎన్ని ఏళ్లు గడిచినా అతను మళ్లీ మళ్లీ ఆగింది ఆ నిమిషం దగ్గరే. ఏదో ఒకటి అని ఉండొచ్చు. 'పోరా, ఆట ఆటలా ఆడండి' అని ఉంటే సరిపోయేది. రమణబాబు అలా అనిపించుకుందామనే వచ్చాడేమో కూడా. అతని ముఖం అలాగే ఉంది. కానీ బంతి తన్నలేనివాడని గట్టు మీద కూర్చోబెట్టిన గ్రౌండులోంచి ఒక కెప్టెన్ నడిచి వచ్చి, నువ్వెలా చెప్తే అలా ఆడతానని నిలబడ్డాడు. దేవుళ్లు ఆ మాటకి లొంగిపోయాడు. నాగేంద్ర గుర్తుకు రాలేదా అంటే వచ్చాడు. వాడికేం, కుర్రాడు, ఇంకో దారి దొరక్కపోదు అనుకున్నాడు. వయసు దాటిపోతుందని వాడు చెప్పిన మాటని పక్కకి జరిపేశాడు.

సుద్దముక్క తీసుకుని, గుడ్డ మీద మళ్లీ మొదటినుంచీ గీసి చూపించాడు.

మ్యాచ్ ఆ సాయంత్రమే. గ్రౌండు చుట్టూ జనం. నాతవరం నుంచి నాగేంద్రా అతని జట్టూ ట్రాక్టరు మీద వచ్చి, టచ్ లైను పక్కన వరసగా కూర్చున్నారు. నాగేంద్ర బావని చూసి దూరంనుంచే చెయ్యి ఊపాడు. దేవుళ్లు కూడా ఊపాడు.

మొదటి సగంలో గోల్ లేదు. ఫ్రెండ్స్ వాళ్లు బంతిని తమలో తామే అటూ ఇటూ తన్నుకున్నారు. రెండో సగంలో చోడవరం ఒక మంచి గోల్ కొట్టింది. అది ఎవరైనా తినాల్సిందే. దాని తర్వాత గ్రౌండంతా చిత్రంగా నిశ్శబ్దమైపోయింది. ఆట అయిపోవస్తుండగా చోడవరం కుర్రాడొకడు దూరం నుంచి బంతిని తన్నాడు. తన్నడం కూడా సరిగ్గా తన్నలేదు. బంతి గడ్డి మీద దొర్లుకుంటూ వచ్చింది. రమణబాబు వంగాడు. చేతులు కిందికి దించాడు. దించినవాడు అలాగే ఉండిపోయాడు. బంతి అతని కాళ్ల మధ్యనుంచి నెమ్మదిగా గీత దాటింది.

కొట్టిన కుర్రాడు కూడా సంతోషపడలేదు. వెనక్కి తిరిగి తన వాళ్ల వైపు చూశాడు.

జనంలో కొందరు చప్పట్లు కొట్టారు, చాలామంది కొట్టలేదు. ఎవరో ముసలాయన "థూ" అని లేచి వెళ్లిపోయాడు. నాతవరం కుర్రాళ్లు నిలబడి కేకలు వేశారు. నాగేంద్ర మాత్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గోల్ పోస్టు వైపు చూస్తున్నాడు. దేవుళ్లు గట్టు మీద నుంచి అతని ముఖం చూసి, తల తిప్పుకున్నాడు.

రిఫరీ ఈల ఊదాక జనం చెదిరిపోయారు. చీకటి పడకముందే నాగేంద్ర కొట్టుకి వచ్చాడు. బెంచీ మీద ఎవరూ లేరు. బల్ల మీద గుడ్డని దేవుళ్లు అప్పటికే దులిపేశాడు.

"బావా, సూసేవా?" అన్నాడు నాగేంద్ర.

"సూసేను."

"రమణబాబు అలాటోడు కాదు కదా బావా. నా సిన్నప్పట్నుంచీ ఎరుగుదును. నాకు పెనాల్టీ కొట్టడం నేర్పింది ఆయనే. ఎవుడో సెప్పుంటాడు ఆయనకి. ఎవుడై ఉంతాడంటావు?"

దేవుళ్లు సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. "ఆటన్నాక పోతాయిరా ఒకోసారి" అన్నాడు.

కర్టెన్ దగ్గర దుర్గ నిలబడి ఉంది. తమ్ముణ్ని చూసింది, భర్తని చూసింది. "బేగి ఎల్లు తమ్ముడూ, ట్రాక్టరు ఎలిపోతాది, అమ్మ ఒక్కర్తే ఉంతాది" అంది. నాగేంద్ర వెళ్లిపోయాడు. వాడికి కనీసం కాఫీ ఇవ్వలేదని దుర్గ తర్వాత ఏడ్చింది. ఏడ్చింది కాఫీ కోసం కాదని దేవుళ్లుకి తెలుసు.

సెమీస్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తుని కుర్రాళ్లు కుందేళ్లలా పరిగెత్తారు. ఫ్రెండ్స్ వాళ్ల కాళ్లు మాత్రం కదల్లేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. రమణబాబు మూడు గోల్స్ తిన్నాడు. ఆ మూడూ నిజంగా తిన్నవే. రెండో సెమీస్‌కి హార్బరు వాళ్లలో ముఖ్యమైనవాళ్లు డ్యూటీ ఉందని రానేలేదు. మిగిలినవాళ్లను చోడవరం చిత్తుగా ఓడించింది. ఎవరిని చూసి భయపడి తప్పించుకున్నారో వాళ్లు అసలు గ్రౌండులోకే దిగలేదు.

సోమేశ్ కొట్టుకొచ్చి, "ఆళ్లు రారని మనకెలా తెలుస్తాదిలే" అన్నాడు. దేవుళ్లు తల ఎత్తకుండా మిషను తొక్కాడు. సోమేశ్ కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు తర్వాత టోర్నమెంటు జరగలేదు. కమిటీలో వాళ్లలో వాళ్లకే పడలేదు. రమణబాబు మళ్లీ గోల్ పోస్టుల మధ్య నిలబడలేదు. ఒక ఆదివారం సైకిలు వేసుకుని నాతవరం వెళ్లి, నాగేంద్రని కలిసి, బంతిని తానే వదిలేశానని చెప్పి చేతులు పట్టుకున్నాడట. ఎవరు చెప్పారని నాగేంద్ర అడిగాడట. రమణబాబుకి అబద్ధం చెప్పడం రాదు.

ఇది దేవుళ్లుకి ఎవరూ చెప్పలేదు. అతనికి అదెలా తెలిసిందంటే, అత్తగారికి జ్వరంగా ఉందని కబురొస్తే దుర్గతో కలిసి నాతవరం వెళ్లాడు. నాగేంద్ర గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చెంబుతో నీళ్లు ఇచ్చాడు. "రండి బావగారూ, కూకోండి. ప్రయాణం బాగా జరిగిందా అండీ?" అన్నాడు.

దేవుళ్లు చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పక్కన దుర్గ కూడా ఆగిపోయింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బయటివాళ్లకి చెప్పినట్టు మర్యాదగా చెప్పాడు. మంచం మీద నుంచి సింహాద్రమ్మ, "ఇదేటిరా, బావని కొత్తగా బావగారంతన్నావు?" అని నవ్వింది. నాగేంద్ర కూడా కొంచెం నవ్వాడు. "పెద్దోరు కదమ్మా" అన్నాడు.

ఆ రోజునుంచి అంతే. పెళ్లికి పిలవడానికి వచ్చినా "మీరు తప్పకుండా రావాల బావగారూ" అన్నాడు. బిడ్డ పుట్టినప్పుడు కబురు పంపినా "బావగారికి సెప్పండి" అని పంపాడు. రాకపోకలు ఆగలేదు, పెట్టుపోతల్లో లోటు రాలేదు. ఊళ్లో ఎవరైనా చూస్తే బావకి ఎంత గౌరవమిస్తాడో అనుకునేవారు. తిట్టి ఉంటే దేవుళ్లు కాళ్లావేళ్లా పడేవాడు. ఆ మర్యాద ముందు ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

పొలం మీద వచ్చేది చాలక నాగేంద్ర షేర్ ఆటో నడపడం మొదలుపెట్టాడు. నాతవరం నుంచి నర్సీపట్నం, మళ్లీ నాతవరం. రోజూ కొట్టు ముందునుంచే వెళ్లేవాడు. అక్కకి పంపాల్సిన కూరలో, బియ్యమో ఉంటే ఆటో ఆపి, గుమ్మంలో పెట్టి, హారను కొట్టి వెళ్లిపోయేవాడు. బెంచీ మీద మాత్రం మళ్లీ కూర్చోలేదు.

దేవుళ్లు గీతలు గియ్యడం మానేశాడు. మొదట్లో బెంచీ మీద వాళ్లు బతిమాలారు. తర్వాత వాళ్లే పలచబడ్డారు. గుడ్డ మీద సుద్ద ఇప్పుడు చంకలకీ నడుములకీ తప్ప దేనికీ పనికిరాలేదు. బట్టలు మాత్రం వేళకి ఇస్తున్నాడని వీధిలో ఆడవాళ్లు మెచ్చుకున్నారు.

రెండు వేల రెండులో వరల్డ్ కప్ వచ్చింది. ఆ ఏడు మ్యాచులు జపాన్, కొరియాల్లో జరగడం వల్ల టీవీలో పట్టపగలే వచ్చేవి. కొట్లో దేవుళ్లు చిన్న టీవీ ఒకటి పెట్టుకున్నాడు. దాంతో బెంచీ మళ్లీ నిండింది. ఈసారి కొత్త ముఖాలు. కాలేజీ కుర్రాళ్లు, సెల్ ఫోన్ల కొట్లో పనిచేసే ఇద్దరు. ఒకడు పేపర్లో వచ్చిన పట్టిక మోకాళ్ల మీద పెట్టుకుని, తమకి ఇష్టమైన జట్టు ఎవరిమీద పడుతుందో, ఎవరిని తప్పించుకుంటే ఫైనల్‌కి పోతుందో వేలితో చూపిస్తున్నాడు.

"ఈ మేచీ ఓడిపోతేనే మంచిదిరా" అన్నాడు వాడు. "అవతలి పక్క పడితే ఈజీ. ఓడిపోతే పోయిందేటి?"

దేవుళ్లు చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. బెంచీ మీద వాళ్లు ఉత్సాహంగా వాదించుకుంటున్నారు. పాపం, వాళ్ల మాట కొరియా దాకా వినపడేది కాదు. వాళ్లు ఏం కోరుకున్నా ఎవరికీ నష్టం లేదు. అయినా అతను అక్కడ కూర్చోలేకపోయాడు. టీవీ ఆపకుండానే లేచి, చెప్పులేసుకుని, దుర్గతో "నాతవరం ఎలొస్తాను" అని బయల్దేరాడు. ఆమె ఎందుకని అడగలేదు.

నాతవరంలో ఆటోలు ఆగేచోట నాగేంద్ర ప్యాసింజర్ల కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది. వానాకాలం మొదట్లో మబ్బు పట్టి ఉంది. బావని చూసి రెండడుగులు ఎదురొచ్చాడు. "ఏటి బావగారూ, ఇలాగొచ్చేరు? అక్క బాగుందా అండీ?"

"బాగుంది. నీతో మాటాడదావనే వొచ్చేను."

"సెప్పండి."

దారి పొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ దేవుళ్లు మర్చిపోయాడు. "ఆ రోజు రమణబాబుకి సెప్పింది నానేరా. నీకు తెలుసని నాకు తెలుసు. అయినా నా నోటితో నాను ఏనాడూ సెప్పలేదు. నీ బతుకు పాడు సేసినాను. నువ్వు ఉద్యోగంలో ఉండాల్సినోడివి."

నాగేంద్ర ఆటో రాడ్డు మీద చెయ్యి పెట్టి కాసేపు రోడ్డు వైపు చూశాడు.

"ఉద్యోగం వొచ్చీదని ఎవులు సెప్పేరండీ?" అన్నాడు చివరికి. "ఆ పెద్దాయన నన్ను సూసేక పనికిరావు పొమ్మనేవోడేమో. హార్బరోళ్లో, తునోళ్లో, ఎవులు తగిలినా మాకు అరడజను గోల్సు కొట్టేవోరేమో. మేవేటి పెద్ద ఆటగాళ్లవా? పొలాల్లో తిరిగేవోళ్లం. నాకు కోపం ఉద్యోగం పోయిందని కాదు బావగారూ."

దేవుళ్లు తలెత్తి చూశాడు.

"సెమీసు ఆడి ఓడిపోయుంటే బాగుండేది. అప్పుడు తెలిసిపోయేది, నా సత్తా ఇంతేనని. ఆటో తోలుకుంటూ కూడా నిమ్మళంగా ఉండేవోణ్ని. ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద ఎలతన్నప్పుడల్లా ఆ మేచీ ఆడతానండి. ఒకరోజు గెలుస్తాను, ఒకరోజు ఓడతాను. ఏది నిజవో నాకు సెప్పేవోడు లేడు." కాస్త ఆగి, "నువ్వే కదా" అని మొదలుపెట్టాడు. ఆ మాట నోటినుంచి జారిందని ఇద్దరికీ తెలిసింది. నాగేంద్ర సర్దుకున్నాడు. "మీరే కదండీ నన్ను గ్రౌండుకి తీసుకెల్లింది. ఇంకెవుడైనా అయితే ఎప్పుడో మర్సిపోదును."

చినుకులు మొదలయ్యాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు సంచులతో పరిగెత్తుకొచ్చి ఆటో ఎక్కారు. నాగేంద్ర డ్రైవరు సీటులో ఒక పక్కకి జరిగి, చోటు చూపించి, "ఎక్కండి బావగారూ, తడిసిపోతారు" అన్నాడు.

నర్సీపట్నం దాకా ఇద్దరూ ఒకే సీటులో భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. వాన మోతలో మాట్లాడినా వినిపించేది కాదు. కొట్టు దగ్గర దిగినప్పుడు నాగేంద్ర, "అక్కకి సెప్పండి, ఆదివారం అమ్మని తీసుకొస్తానని" అని ఆటో తిప్పుకున్నాడు.

లోపల బెంచీ ఖాళీ. టీవీ ఎవరో ఆపేసి వెళ్లారు. దుర్గ తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"సెప్పేరా?"

"సెప్పేను."

"ఏటన్నాడు?"

దేవుళ్లు తల తుడుచుకున్నాడు. తర్వాత, "ఓడిపోయుంటే బాగుండేదన్నాడు" అన్నాడు.

దుర్గ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "మేచీకి ముందురోజు, మీ మాట ఎవులూ ఇనరని మీరన్నప్పుడు నాకు నమ్మకం లేదు" అంది. "పొద్దున్నే ఆటో ఎక్కి ఎల్లి తమ్ముడికి సెప్పుంటే, ఆడొచ్చి రమణబాబుని అడిగీవోడు. రమణబాబు ఆడి మొకం సూసి ఆ పని సేసేవోడు కాదు. ఎల్దావని బయలెల్లేను కూడా. ఆటోస్టాండు దాకా ఎల్లి తిరిగొచ్చీసినాను. మొగుడి మీద పుట్టింటికి సాడీలు మోసినట్టుంతాదని."

ఇన్నేళ్లలో ఆమె ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి. దేవుళ్లు తువ్వాలు పక్కన పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఎసరు చూసుకుంటోంది. బయట వాన గట్టిగా పట్టుకుంది.